ఎవరి కోసం ఈ సరళీ స్వరాలు?

విజయదశమి దగ్గర పడుతోంది. ఆ రోజు మన దేవాలయం కింది హాల్లో జరిగే సంగీతం తరగతికి కొత్త పిల్లలు వస్తారు. పళ్ళెంలో పండు, తాంబూలం పెట్టి, గురువుగారికి నమస్కారం చేయించి, పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టి మనం పైకి దర్శనానికి వెళ్తాం. వెళ్ళేముందు ఒక దరఖాస్తు కాగితం నింపుతాం. అందులో పేరు, వయసు, చదివే గ్రేడు, అమ్మానాన్నల ఫోన్ నంబర్లు, వేరుశెనగ పడదా అన్న సంగతి దాకా అన్నీ ఉంటాయి. ఈ బిడ్డ పాట ఎందుకు నేర్చుకోవాలనుకుంటోంది అన్న గడి మాత్రం ఉండదు. ఆ ఒక్క గడి గురించే ఈ వ్యాసం.

మేము సంగీత విద్వాంసులం కాము. వృత్తిరీత్యా వైద్యులం, వైద్యం చదివింది కూడా ఈ దేశంలోనే. ఆదివారం తరగతికి చాపలు పరచడం, శ్రుతిపెట్టె సర్దడం, పాటల కాగితాలు జిరాక్సు తీయించడం వంటి పనుల్లో పాలు పంచుకుంటూ, వెనక వరుసలో కూర్చుని వినేవాళ్ళం. అయితే మా వృత్తిలో తొలినాళ్ళలోనే నేర్పే పాఠం ఒకటి ఇక్కడ కూడా పనికొస్తుందని అనిపించి ఇది రాస్తున్నాం. మోకాలి నొప్పితో ఇద్దరు వస్తారు. ఎక్స్‌రేలు రెండూ ఒకేలా ఉంటాయి. ఒకాయనకు మళ్ళీ టెన్నిస్ ఆడాలని ఉంటుంది. ఇంకొకావిడకు సత్యనారాయణ వ్రతంలో గంటసేపు పీట మీద కూర్చోగలిగితే చాలు. నొప్పి ఒకటే, వైద్యం వేరు. అందుకే మీకేం కావాలి అని అడగకుండా మందుచీటీ రాయకూడదని మా గురువులు చెప్పేవారు.

చాప మీద ఎవరున్నారు?

ఆదివారం పొద్దున తరగతిలో ఒకసారి కళ్ళు తిప్పి చూడండి. ముందు వరుసలో ఒక అమ్మాయి ఉంటుంది. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి ఏటా జరుగుతున్న త్యాగరాజ ఆరాధనకు వెళ్ళి, అక్కడి పోటీల్లో పాడాలని ఆ అమ్మాయి కోరిక. ఆమె పక్కన బడి ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించే అబ్బాయి. కాగితం మీద ఉన్న స్వరాలు చకచకా చదివేస్తాడు గానీ, గమకం దగ్గరికి వచ్చేసరికి "ఆంటీ, ఇంతకీ ఇది ఏ నోటు?" అని అడుగుతాడు. (చాలా మంచి ప్రశ్న అది. గురువుగారు కూడా నవ్వి ఊరుకోకుండా పావుగంట సమాధానం చెప్పారు.) రెండో వరుసలో ఉన్న చెల్లికి సినిమా పాటలంటే ప్రాణం. 1996లో మొదలైన 'పాడుతా తీయగా' చూస్తూ పెరిగిన అమ్మ ఉన్న ఇల్లు మరి. ఆ పక్కన ఉన్న పిల్ల కేవలం తన స్నేహితురాలు వస్తోందని వస్తోంది. గోడకు ఆనుకుని కూర్చున్న పదకొండేళ్ళ బాబు అమ్మ బలవంతం మీద వచ్చాడు, గడియారం వంక చూస్తూ తాళం వేస్తుంటాడు. ఆ తాళం మటుకు ఎక్కడా తప్పదు!

ఇక మా పక్కన, వెనక వరుసలో, కూతుర్ని దింపడానికి వచ్చి అక్కడే కూర్చుండిపోయే ఒక తల్లి. చిన్నప్పుడు ఊళ్ళో నేర్చుకోవాలని ఎంతో ఉన్నా కుదరలేదట. పిల్లలు రెండో కాలం పాడుతుంటే ఆవిడ పెదవులు కదులుతుంటాయి. ఆరు నెలలకని వచ్చిన తాతగారొకరు కూడా కళ్ళు మూసుకుని వింటారు.

వీళ్ళందరికీ పాఠం ఒకటే. సరళీ వరుసలు, జంట వరుసలు, దాటు వరుసలు, అలంకారాలు, గీతాలు, అదే వరుసలో, అదే వేగంతో. గీతాల దగ్గరికి వచ్చేసరికి చాపలు ఖాళీ అవుతుంటాయి. సాకర్ అనో, లెక్కల ట్యూషన్ అనో, హోంవర్కు ఎక్కువైందనో చెబుతారు. మన ఊళ్ళో కర్ణాటక సంగీతం నేర్పగల గురువులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వారు అంత దూరం కారు నడుపుకుంటూ వచ్చి నేర్పుతున్నారు. పైగా మన ఇళ్ళల్లో చాలామంది పిల్లలకు వారం మొత్తంలో తెలుగు మాట నోటితో గట్టిగా పలికేది ఆ ఒక్క గంటే. పాట మానేస్తే ఆ గంట కూడా పోతుంది.

సరళీ వరుసలు తీసేద్దామా?

అలా అనడం లేదు. పదహారో శతాబ్దానికి చెందిన పురందరదాసు ఏర్పరచారని చెప్పుకునే ఈ పాఠక్రమం వెనక చాలా ఆలోచన ఉంది. మొదటి పాఠం మాయామాళవగౌళలోనే ఎందుకు? అది 72 మేళకర్తల్లో పదిహేనవది. ఆ రాగంలో 'స రి గ మ' మధ్య ఎంతెంత ఎడం ఉందో, 'ప ద ని స' మధ్య కూడా సరిగ్గా అంతే ఎడం. అంటే కింది సగం గొంతుకు పడితే పై సగం అదే అచ్చులో వచ్చేస్తుంది. స-రి, గ-మ దగ్గర దగ్గరగా, రి-గ దూరంగా ఉండటం వల్ల చెవికి తేడా ఇట్టే తెలుస్తుంది. మూడు కాలాల్లో పాడించడం వల్ల లయ ఒంటికి పడుతుంది. ఇంత తక్కువ సరంజామాతో ఇంత పని చేయించే వ్యాయామం మరొకటి మాకు కనబడలేదు.

కాబట్టి శ్రుతి, లయ, ఉచ్చారణ అందరికీ ఉండాల్సిందే. సర్జన్ అయినా, పిల్లల డాక్టరు అయినా చేతులు కడుక్కోవడం నేర్చుకోక తప్పదు కదా. మార్చవలసినవి వేరే ఉన్నాయి. ఎంతసేపు, ఏ వేగంలో, ఏ పాటతో జతచేసి నేర్పాలి అన్నవి. ఏడేళ్ళ పిల్లకు పద్నాలుగు సరళీ వరుసలూ మూడు కాలాల్లో వచ్చేదాకా సాహిత్యం ఉన్న పాట ఒక్కటీ చెప్పకపోతే, ఆ పిల్ల దృష్టిలో సంగీతం అంటే అక్షరాల ఎక్కం. మొదటి నెలలోనే నాలుగు పంక్తుల నామావళి ఒకటి చేతికిస్తే, బొమ్మల కొలువు పేరంటానికి వెళ్ళినప్పుడు "పాట పాడమ్మా" అంటే పాడగలుగుతుంది. ఆ ఒక్కసారి పాడి, నలుగురూ మెచ్చుకుని, గుప్పెడు శనగలు చేతిలో పడ్డాక ఆ పిల్ల తర్వాతి వారం తరగతికి వచ్చే తీరే వేరు.

ఇలా చేస్తే విద్య నీరుగారిపోతుందని కొందరు పెద్దలకు భయం. భయంలో న్యాయం ఉంది. కానీ మన సంప్రదాయం మొదటినుంచీ ఒకే గుమ్మంతో కట్టిన ఇల్లు కాదు.

త్యాగయ్యగారి సొమ్ము

త్యాగరాజస్వామి (1767-1847) రచనలనే తీసుకోండి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో ఉన్న పంచరత్నాలు పాడాలంటే ఏళ్ళ సాధన కావాలి. అదే చేతితో ఆయన దివ్యనామ కీర్తనలూ రాశారు. వాటిలో చాలా వాటికి చరణాలన్నీ ఒకే వరుసలో ఉంటాయి, ఒక చరణం వస్తే అన్నీ వచ్చినట్టే, పదిమంది కలిసి భజనలో పాడుకోవచ్చు. రాముణ్ణి మేలుకొలపడం దగ్గర్నుంచి ఊయలలూపి పవ్వళింపజేసే దాకా వరుసగా సేవలకు పాడుకునే ఉత్సవ సంప్రదాయ కీర్తనలున్నాయి. నాటకం అంటే ఇష్టపడే పిల్లలకు 'ప్రహ్లాద భక్తి విజయం', 'నౌకా చరిత్రం' అనే గేయ నాటకాలున్నాయి. ఒక్క వాగ్గేయకారుడి సొమ్ములోనే భజనపరుడికి, విద్వాంసుడికి, వేషం కట్టేవాడికి, నిద్రపోని పసిబిడ్డ తల్లికి వేర్వేరుగా పాటలున్నాయి. ఆయన శిష్యుల్లోనూ ఉమయాళ్పురం, తిల్లైస్థానం, వాలాజాపేట అని మూడు పరంపరలు చెబుతారు. ఒకే కృతికి ఈ పరంపరల పాఠాంతరాల్లో తేడాలు వినిపిస్తాయి, అయినా ఎవరిదీ తప్పనరు.

ఇక మన వయొలిన్ అబ్బాయి సంగతి. వాడికోసమే రాసినట్టున్న పాటలు ముత్తుస్వామి దీక్షితుల వద్ద ఉన్నాయి. ఆయన కాలంలో చెన్నపట్నంలో ఇంగ్లీషు వాళ్ళ బ్యాండు వాయించే బాణీలకు ఆయన సంస్కృతంలో దేవతా స్తుతులు కట్టారు. నోట్టు స్వర సాహిత్యాలంటారు, సుమారు నలభై దాకా ఉన్నాయి, శంకరాభరణ స్వరాల్లో, గమకాల చిక్కు లేకుండా నడుస్తాయి. వాటిలో శ్యామలాదేవి మీద ఉన్న ఒకటి బ్రిటిష్ రాజగీతం బాణీ. అమెరికా బడుల్లో మన పిల్లలు 'మై కంట్రీ టిస్ ఆఫ్ దీ' అని పాడేది కూడా అదే బాణీ! ఈ సంగతి చెప్పి వాయించి చూపిస్తే ఆ అబ్బాయి మొహం చూడాలి. అన్నట్టు, వయొలిన్‌ను కర్ణాటక సంగీతంలోకి తెచ్చినవారిలో ముందుగా చెప్పుకునేది దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితుల పేరే. చెన్నపట్నంలో ఒక ఐరోపా విద్వాంసుడి దగ్గర ఆ వాద్యం నేర్చుకున్నారు. అంటే ఈ అబ్బాయి ఇప్పుడు చేస్తున్న ప్రయాణం ఆయన రెండువందల ఏళ్ళ కిందట చేశారు. అలాంటి పిల్లవాడికి ముందు నోట్టు స్వరాలు, తర్వాత అవే స్వరాలతో శంకరాభరణ రాగంలో ఒక చిన్న కీర్తన, అటు పిమ్మట గమకం. 'ఏ నోటు?' అన్న తన ప్రశ్నకు జవాబు వాడికే వినిపిస్తుంది. ఆ కుటుంబం వారసుడు సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురంలో అచ్చు వేయించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగు లిపిలో ఉన్న పుస్తకమని కూడా పిల్లలకు చెప్పండి. తెలుగు అక్షరాలు నేర్చుకోవడానికి అదొక కారణం.

అక్షరాల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న ఫిర్యాదు. మన పాటల కాగితాలన్నీ ఇంగ్లీషు లిపిలో ఉంటున్నాయి. 'కల'కూ 'కళ'కూ ఆ కాగితం మీద తేడా లేదు. త, ట ఒకటే, ద, డ ఒకటే. పిల్లలు చూసింది చూసినట్టు పాడితే తప్పు వాళ్ళది కాదు. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు, కింద రెండు మాటల్లో భావం ఉన్న కాగితం చేయడానికి వాలంటీర్లు కావాలి.

సినిమా పాటల చెల్లి దగ్గర ముఖం చిట్లించనక్కర్లేదు. 1980లో విడుదలైన 'శంకరాభరణం' చిత్రంలోనే మైసూరు వాసుదేవాచార్యుల ఖమాస్ కృతి, సదాశివ బ్రహ్మేంద్రుల సామ రాగ కీర్తన ఉన్నాయి. ఆమెకు ఇష్టమైన పాట తనే తెచ్చుకోమని, దాని ఆధార షడ్జం ఎక్కడుందో కనిపెట్టి, స్వరాలు రాసుకురమ్మంటే అది గొప్ప చెవి పరీక్ష. పోటీకి వెళ్ళే అమ్మాయికి మాత్రం ఈ మినహాయింపులేవీ లేవు. రోజూ మూడు కాలాల్లో వర్ణం, స్వరకల్పన, విడిగా తరగతి. ఆమెను మిగతా పదముగ్గురితో కలిపి నెమ్మదిగా నడిపించడం ఆమెకూ అన్యాయమే. గోడకు ఆనుకున్న బాబుకు మృదంగం తరగతి చూపించమని మా సలహా. గొంతు విప్పనివాడు తాళం తప్పడం లేదంటే వాడి సంగీతం వేళ్ళల్లో ఉండి ఉండవచ్చు.

వెనక వరుస వాళ్ళకు వేరే తరగతి కావాలి. నలభై దాటిన విద్యార్థికి అర్థం చేసుకునే శక్తి పిల్లలకన్నా ఎక్కువ, గొంతు వంగే శక్తి తక్కువ, తీరిక అంతకన్నా తక్కువ. పిల్లల మధ్య కూర్చోబెట్టి తప్పులు దిద్దితే రెండో వారం రారు. వారిలో చాలామంది కోరిక చిన్నది. ఇంట్లో పూజప్పుడు నాలుగు అన్నమయ్య కీర్తనలు శ్రుతిలో పాడుకోవాలి, అంతే. ఆ కోరికకు తగ్గ పాఠం ఒక ఏడాదిలో పూర్తవుతుంది.

గొంతు మారే వయసు

ఇది మా శాస్త్రానికి సంబంధించింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాం. మగపిల్లలకు ఇంచుమించు పన్నెండు, పద్నాలుగేళ్ళ మధ్య స్వరపేటిక పెరుగుతుంది. స్వరతంత్రులు పొడవై, మందమవుతాయి. గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఐదో శ్రుతిలో పాడిన పిల్లవాడు చివరికి ఒకటి, ఒకటిన్నర దగ్గర స్థిరపడవచ్చు. ఆడపిల్లల గొంతు కూడా మారుతుంది గానీ రెండు మూడు స్వరస్థానాలకు మించదు కనుక పెద్దగా తెలియదు. ఈ మార్పుకు కొన్ని నెలలు పట్టవచ్చు, కొందరికి ఏడాది పైనే. ఆ కాలంలో గొంతు చెప్పినట్టు వినదు, పై షడ్జం అందుకోబోతే కీచుమంటుంది, పక్కవాళ్ళు నవ్వుతారు. మన తరగతిలో మగపిల్లలు ఎక్కువగా మానేసేది సరిగ్గా ఈ వయసులోనే. మనం దానికి అశ్రద్ధ అని పేరు పెడతాం.

ఆ పిల్లవాడికి ముందుగానే చెప్పాలి, ఇది జబ్బు కాదు, ఎదుగుదల అని. బలవంతంగా పాత శ్రుతిలో పాడించకూడదు. గొంతు ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ, నాలుగైదు స్వరాల మధ్యనే, చిన్నగా పాడించాలి. ఆ నెలల్లో తాళం, స్వరజ్ఞానం, రాగాలు గుర్తుపట్టడం, వీలైతే ఒక వాద్యం, వీటి మీద దృష్టి పెట్టవచ్చు. గుంపులో పాడేటప్పుడు అందరికీ ఒకే శ్రుతి పెట్టడం వల్లనే ఈ ఇబ్బంది ఎక్కువవుతుంది, కనుక పదమూడేళ్ళ మగపిల్లలకు విడిగా అరగంట ఇవ్వడం న్యాయం. ఏ వయసు వారికైనా గొంతు బొంగురు నాలుగు వారాలు దాటి తగ్గకపోతే మిరియాల పాలతో సరిపెట్టకుండా ఇ.ఎన్.టి. డాక్టరుకు చూపించండి.

బహుమతి ఆశ

మన పిల్లలకు కప్పులు, సర్టిఫికెట్లు మామూలైపోయాయి. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం ప్రచురించారు. బొమ్మలు వేయడం ఇష్టమైన చిన్నపిల్లల్లో కొందరికి, వేస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళ తర్వాత తీరిక సమయంలో చూస్తే, ముందే ఆశపెట్టిన పిల్లలు మిగతా వారికన్నా తక్కువసేపు బొమ్మలు వేశారు. ఇష్టంతో చేసే పని కూలి పనిగా మారిందన్నమాట. పోటీలు వద్దని దీని అర్థం కాదు. పోటీ కోరుకునే పిల్లకు అది ఊపిరి. కోరని పిల్లకు 'గెలిస్తే ఐప్యాడ్' అంటే మాత్రం ఐప్యాడ్ వచ్చిన రోజున పాట అయిపోతుంది.

కాలేజీ దరఖాస్తు కోసం సంగీతం నేర్పిస్తున్నాం అని కొందరు తల్లిదండ్రులు కాస్త సిగ్గుపడుతూ చెబుతారు. సిగ్గెందుకు? ఆ కారణం నిజాయితీగా చెబితే, నాలుగేళ్ళలో ఎంతదాకా వెళ్ళగలమో గురువుగారు ఒక లెక్క వేయగలరు. అయితే పిల్ల కారణం కూడా అదేనా అని కనుక్కోండి. ఆస్ట్రేలియాలో గ్యారీ మెక్‌ఫర్సన్ అనే పరిశోధకుడు 157 మంది బడిపిల్లల్ని వాద్యం మొదలుపెట్టకముందే, ఎంతకాలం వాయిస్తావనుకుంటున్నావు అని అడిగి రాసుకున్నారు. తర్వాత పరీక్షిస్తే, చాలాకాలం వాయిస్తానన్న పిల్లలు, కొద్దికాలమే అన్న పిల్లల కన్నా, సాధన అంతే చేసినా, బాగా ముందుకెళ్ళారు. పిల్ల మనసులో ఉన్న జవాబు పాఠం మొదలవకముందే పనిచేస్తోంది.

గురువుల విషయంలోనూ ఒక మాట. 1985లో బెంజమిన్ బ్లూమ్ బృందం వెలువరించిన అధ్యయనంలో పేరుపొందిన పియానో విద్వాంసుల చిన్ననాటి సంగతులున్నాయి. వారి మొట్టమొదటి గురువులు చాలావరకు పెద్ద పేరున్నవారు కారు. ఇంటికి దగ్గర్లో ఉండి, పిల్లలతో ఆప్యాయంగా మెలిగినవారు. పెద్ద విద్వాంసుల శిక్షణ తర్వాత వచ్చింది. మన దగ్గర వర్ణాలు దాటిన కాలేజీ అమ్మాయిలు ఇద్దరు ముగ్గురున్నారు. చిన్నపిల్లల మొదటి ఏడాది వారికి అప్పగించి, గురువుగారి సమయాన్ని పై తరగతులకు మిగల్చవచ్చు.

ఇంటి దగ్గర

తల్లిదండ్రులకు మా మనవి ఇది. ఆదివారం పొద్దున కారులో గంటసేపు బలవంతపు సాధన కన్నా, రోజూ పన్నెండు పదిహేను నిమిషాలు మేలు. విరామమిచ్చి చేసిన అభ్యాసం, మధ్యలో నిద్ర పడ్డ అభ్యాసం ఎక్కువ నిలుస్తాయని జ్ఞాపకశక్తి మీద పరిశోధనలు చెబుతున్నాయి. ఫోన్‌లో తంబురా పెట్టుకుని వంటింట్లోనైనా సరే పాడనివ్వండి. 'ఫలానా వాళ్ళమ్మాయి అప్పుడే వర్ణంలో ఉంది' అన్న మాట మాత్రం ఇంట్లో అనకండి. ఆ అమ్మాయి దారి వేరు.

ఈ దసరా నుంచి దరఖాస్తులో కొత్త గడి చేర్చమని కమిటీని కోరాం, ఒప్పుకున్నారు. ఆ గడి పిల్లలే నింపాలి. ఎనిమిదేళ్ళ పిల్ల 'తెలీదు' అని రాసినా పర్వాలేదు. ఆరు నెలలకొకసారి గురువుగారు మళ్ళీ అడుగుతారు, జవాబులు మారతాయి. స్నేహితురాలి కోసం వచ్చిన పిల్ల పోటీ పిల్ల కావచ్చు, పోటీ పిల్లకు విసుగు పుట్టి భజన బృందంలో హాయిగా పాడుకోవచ్చు.

పుష్య బహుళ పంచమి నాటి ఆరాధనకు ఏర్పాట్లు ఇప్పుడే మొదలుపెడుతున్నాం. మొదట కొత్త పిల్లలు, వెనక వరుస పెద్దలు కలిసి రెండు దివ్యనామ కీర్తనలు పాడతారు. తర్వాత వయొలిన్ బృందం నోట్టు స్వరాలు మూడు. పంచరత్నాల్లో శ్రీరాగ కృతి ఒక్కటే ఈసారి, నేర్చుకున్నవారు ముందు, వినగలిగినవారు వెనక. గొంతు మారుతున్న అబ్బాయిలు నలుగురూ వేదిక మీదే, ముందు వరుసలో కూర్చుని అందరికీ తాళం వేస్తారు. పెద్దల తరగతి గురువారం సాయంత్రం ఏడున్నరకు, కింది హాల్లోనే. చాపలు మేము పరుస్తాం.